పన్నెండు రాళ్ళు, ఐదు బాణాలు

మా తోడల్లుడి గురించి నాలుగు పేజీలు రాసివ్వమని ప్రయోగశాల వాళ్ళు అడిగారు. యాభయ్యేళ్ళ సంచికలో వేస్తారట. "ఒకే ఇంటి అల్లుళ్ళు, ఒకే చోట పనిచేశారు. మీకంటే బాగా ఎవరు రాస్తారండీ?" అన్నారు. నిజమే. ఇరవై మూడేళ్ళు అతని మీదే కన్నేసి ఉంచాను. అతను ఎన్ని గుక్కల్లో టీ తాగుతాడో కూడా చెప్పగలను. కానీ అంత శ్రద్ధగా ఎందుకు చూశానో వాళ్ళకి తెలియదు. తెలిస్తే ఇంకెవరినైనా అడిగేవాళ్ళు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే అతని సంగతి అర్థం కాదు.

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా. లెక్కల్లో ఎప్పుడూ నాదే మొదటి మార్కు. ఆ లెక్కలతోనే ఈ ప్రయోగశాల రాతికోత షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు నెగ్గుకొచ్చాను. నలభై ఒక్క వేల ఆరు వందల పైచిలుకు బిళ్ళలు కోశాను. రిజిస్టర్లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి బిళ్ళా ఇరవై రెండు మిల్లీమీటర్ల పొడవు, వెంట్రుకవాసి అటూ ఇటూ కాదు. నాకు ముందు ఆ రంపం దగ్గర పనిచేసిన ఇద్దరికీ చెరో వేలు తక్కువ. నాకు పదీ ఉన్నాయి. మరొకరి చేతిలో వెయ్యి కోతలకే అరిగిపోయే వజ్రపు బ్లేడు నా చేతిలో రెండు వేలు కోసేది. ఉత్తమ కార్మికుడి పత్రం రెండుసార్లు తీసుకున్నాను. రెండూ అద్దాలు కట్టించి గోడకి తగిలించాను.

ఇంత చేసినా, రాళ్ళ గురించి అచ్చైన ఏ ఒక్క వ్యాసంలోనూ నా పేరు లేదు. అతని పేరు పదిహేడు చోట్ల ఉంది. లెక్కపెట్టాను.

అతన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే, వెక్కిరింతగా పెట్టాను. తర్వాత అదే అతనికి బిరుదైపోయింది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. చిన్నప్పటినుంచీ ఆ కొట్లో కూర్చుని, ఆవగింజంత మరలని పట్టకారుతో ఎత్తి పెట్టడం నేర్చుకున్నాడు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నప్పుడు అతనికి సరైన ఉద్యోగం లేదు. "బావగారూ, మీ దగ్గరేమైనా చూడండి" అని మరదలు అడిగింది. నేనే పెద్దసారు దగ్గరికి తీసుకెళ్ళి చేర్పించాను. ఈ సంగతి ఏ సంచికలోనూ రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చేరిన ఏడాదికే అతన్ని కొలతల గదిలోకి తీసుకున్నారు. నాకు అందులో అడుగుపెట్టే వీలు కూడా లేదు.

ఎందుకో చెబుతాను. మా పని రాళ్ళలోని అయస్కాంత గుణాన్ని కొలవడం. భూమి లోపలినుంచి కరిగి పొంగిన రాయి చల్లబడేటప్పుడు, అందులోని సన్నటి ఇనుప రేణువులు ఆ కాలంలో భూమి అయస్కాంతం ఎటు ఉంటే అటు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. లక్షల ఏళ్ళు గడిచినా ఆ దిక్కు రాతిలో ఉంటుంది. కొన్ని కాలాల్లో భూమి ఉత్తరం దక్షిణమై, దక్షిణం ఉత్తరమైందట. అదంతా ఆ దిక్కుని బట్టే చెబుతారు. కొండని తొలిచి, బొటనవేలంత లావు కడ్డీలు తీసుకొచ్చేది కొండల మేడం. ఆవిడ ఏడాదిలో సగం కొండల మీదే ఉండేది. ఆ కడ్డీలని బిళ్ళలుగా కోసేది నేను. వాటిని గిర్రున తిప్పి, అందులో దాగిన దిక్కుని పట్టేది యంత్రం. దాన్ని మేమంతా బొంగరం అనేవాళ్ళం. బొంగరాన్ని నడిపేది నిదానం.

రాతిలో ఉండే ఆ గుణం ఎంత సన్నదంటే, పక్కన తాళంచెవి ఉన్నా లెక్క చెడుతుంది. అందుకని నిదానం బెల్టు పెట్టుకునేవాడు కాదు, నాడా కట్టుకునేవాడు. గడియారం పెట్టుకోడు. గడియారాల వాడి కొడుక్కి చేతికి గడియారం లేదని అందరూ నవ్వేవాళ్ళు. నాకేమో రంపం దగ్గర ఇనప ముక్కు బూట్లు తప్పనిసరి. అందుకే షెడ్డుకీ ఆ గదికీ మధ్య నేలమీద పసుపు గీత ఒకటి గీశారు. నేను ఇవతల, అతను అవతల. బిళ్ళల ట్రే మాత్రం గీత దాటేది.

ఇంటి దగ్గరా అంతే. మా మామగారు నన్ను చూస్తే "రావయ్యా, కూర్చో" అనేవారు. అతన్ని చూస్తే లేచి నిలబడేవారు. "చిన్నల్లుడి చెయ్యి చూశావూ? చెంచాడు నీళ్ళు అరచేతిలో పోసినా ఒణకదు" అని నాతోనే అనేవారు. రోజంతా రాళ్ళు కోసే చెయ్యి ఎదురుగా కూర్చుని ఉండగా! లోపల కుతకుత ఉడికిపోయేవాణ్ణి. పైకి, "అవును మామయ్యా, మంచి చెయ్యి" అనేవాణ్ణి.

ఒక్క విషయంలో మాత్రం నాది పైచెయ్యి. నాది పక్కా ఉద్యోగం, అతనిది తాత్కాలికం. తొమ్మిదేళ్ళుగా ఏడాదికోసారి పొడిగింపు కాగితం కోసం పెద్దసారు గది ముందు నిలబడేవాడు. ఆ రోజు నేను ఏదో ఒక పని కల్పించుకుని ఆ వసారాలోంచి వెళ్ళేవాణ్ణి. "ఏంటి తమ్ముడూ, ఇంకా రాలేదా కాగితం?" అని పలకరించేవాణ్ణి. "వస్తుంది అన్నయ్యా" అనేవాడు, నవ్వి. అందులో ఎత్తిపొడుపు ఉందని కూడా గ్రహించేవాడు కాదు. గ్రహించి ఊరుకున్నాడేమో, ఇప్పటికీ తెలియదు.

అలాంటి సమయంలో కొత్త బొంగరం వచ్చింది. పాతదానికంటే వంద రెట్లు సున్నితమైనదట. ప్రారంభానికి పెద్దవాళ్ళు వచ్చారు, ఫోటోలు తీశారు. నిదానాన్ని యంత్రం పక్కన నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేసి మరీ తీయించుకున్నారు; ఆ ఫోటో తర్వాత వసారా గోడకెక్కింది. నేను కూడా చూద్దామని తడి ఏప్రనుతోనే గుమ్మం దాకా వెళ్ళాను. ఎవరో కుర్ర ఆఫీసరు నా కాళ్ళ వైపు చూసి, "అయ్యో, ఆ బూట్లు! వెనక్కి, వెనక్కి!" అని చేతులూపాడు, కోడిని తోలినట్టు. అందరూ నవ్వారు. నిదానం నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ కోపం అంతసేపు ఉండేది కాదేమో.

షెడ్డుకి వచ్చి రంపం ఆన్ చేశాను. ఆ రోజు బల్ల మీద ఉన్నవి కొండల మేడం తెచ్చిన కడ్డీలే. ఒక కొండ కోతలో మధ్యన ఉన్న ఒకే ఒక్క పొరలోంచి తీసినవి, పన్నెండు; పొట్టివి, ఒక్కోదానికి ఒక్క బిళ్ళే వస్తుంది.

కడ్డీ పక్కన, కొండ మీద ఉండగానే మేడం ఒక గీత గీసి బాణం వేస్తుంది. మొన ఉన్న వైపు కొండ లోపలిది. ఆ బాణమే అన్నిటికీ ఆధారం. బాణం తిరగబడితే, లెక్కలో భూమి తిరగబడినట్టే. కోసేటప్పుడు నీళ్ళు పడి సిరా కొట్టుకుపోతుంది కాబట్టి, నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రంపం మీద పెట్టే ముందే బాణాన్ని ఇత్తడి సూదితో రాతిలోకి గీకేస్తాను. ఎన్ని నీళ్ళు పడ్డా పోదు. ఆ పద్ధతి ఈ ప్రయోగశాలకి ఇచ్చింది నేనే.

ఆ రోజు మొదటి ఐదింటికి గీకాను. ఆరో దాని దగ్గర నాకు ఆ ఆఫీసరు చేతులూపడం గుర్తొచ్చింది. సూది బల్ల మీద విసిరేసి, ఆరునుంచి పదిదాకా అలాగే రంపం కిందికి తోశాను. సిరా పోయింది. ట్రేలో ఐదు బిళ్ళలూ బోసిగా కనిపించాయి. ఏముంది, నాకు తెలియని రాళ్ళా అనుకుని, గుర్తున్నట్టు ఐదింటికీ ఒకే వైపుకి పెన్నుతో బాణాలు వేసేశాను. తర్వాత కోపం చల్లారి, చివరి రెండింటికీ మళ్ళీ సూదితోనే గీశాను. ట్రే పసుపు గీత దాటించాను.

రెండు వారాలకి పెద్దసారు ఇద్దర్నీ పిలిచారు. కొండల మేడం కూడా అక్కడే ఉంది, మొహం వాడిపోయి.

"పన్నెండూ ఒకే పొర" అన్నారు పెద్దసారు. "ఒక్కసారి పొంగింది, ఒక్కసారి చల్లారింది. దిక్కు ఒకటే ఉండాలి. నీ లెక్కల్లో ఏడు దక్షిణానికి, ఐదు ఉత్తరానికి! రాయి అలా ఉండదు, నిదానం. కొలిచేవాడు సరిగ్గా లేకపోతే ఉంటుంది."

"మళ్ళీ కొలుస్తాను సార్."

"కొలువు. ఈసారి నిన్ను పక్కా చేయించాలని పైకి రాద్దామనుకున్నాను. ఈ కాగితం పెట్టి ఏం రాయమంటావు? నెలాఖరుకి తేలకపోతే కొత్త బొంగరానికి ఇంకో మనిషిని చూసుకోవాలి."

మేడం కాగితం మీద వేలు పెట్టింది. "తేడా వచ్చినవి వరసగా ఉన్నాయి సార్. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది."

పెద్దసారు నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, బాణాలు సరిగ్గానే వేశావా?"

నేను నోరు తెరిచేలోపే నిదానం అన్నాడు: "అవి అన్నయ్య వేసిన బాణాలు సార్. వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. తప్పుంటే నా దగ్గరే ఉంటుంది."

"ఇరవై ఏళ్ళలో ఒక్కటి తప్పలేదు సార్" అన్నాను నేను.

బయటికి వచ్చాక నా కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. దాచుకోవడం ఎందుకు, సంతోషమే వేసింది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. నా లెక్క చెక్కుచెదరదు, అతని ఫోటో గోడమీంచి దిగుతుంది.

ఆ తర్వాత మూడు వారాలు అతన్ని పసుపు గీత ఇవతలనుంచి చూశాను. తప్పు తన ఒంటిమీదే ఉందని వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చొక్కాకి ఉన్న ప్రెస్ బటన్లు కత్తిరించేసి దారం ముడులు వేసుకున్నాడు. కళ్ళజోడు మరల్లో ఇనుముందేమోనని కళ్ళజోడు లేకుండా, ముక్కు కాగితానికి ఆనించి అంకెలు రాసుకునేవాడు. కుర్చీ తీసేసి చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. వీధిలో బండి వెళితే కొలత ఆపి, మళ్ళీ మొదటినుంచి. ఎన్నిసార్లు కొలిచినా ఏడు అటే, ఐదు ఇటే.

ఒక ఆదివారం మరదలు మా ఇంటికొచ్చి కూలబడింది.

"బావగారూ, మీరైనా చెప్పండి ఆయనకి. నా తలపిన్నులు కూడా పారేశాడు. నేనేమైనా ఆ గదికి వెళతానా? ఒంటిమీద అంటుకొచ్చి ఉంటాయట! నిన్న పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు."

"పన్నెందుకే?" అంది మా ఆవిడ.

"ఎప్పుడో నింపించుకున్నది ఉందిగా. అందులో ఏ లోహం ఉందో ఎవరికి తెలుసు అంటాడు. కాళ్ళు పట్టుకుని ఆపాను."

నవ్వాలో ఏడవాలో తెలియక అక్కచెల్లెళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు కాస్త ఎక్కువసేపే సాగిందని మా ఆవిడ చూపు చెప్పింది.

చెల్లెలు వెళ్ళాక ఆవిడ అంది: "ఎవరన్నా అయితే ఈపాటికి మీ మీదికి తోసేసేవాళ్ళు. రాళ్ళు కోసింది ఆయన, అడగండి అని. అతను ఆ మాట అననివ్వడం లేదట. మేడం రెండోసారి అడిగితే కోప్పడ్డాడట కూడా. అంత మంచితనం అందరికీ రాదు లెండి."

ఆ చివరి మాట నా నెత్తిన బండలా పడింది. మూడు వారాలుగా అతను పడిపోతున్నాడని నేను సంబరపడుతున్నాను. ఇక్కడ చూస్తే, పడిపోతూ కూడా అతను నా మీదికే ఎక్కి కూర్చున్నాడు. ఉద్యోగం పోతే అందరూ అయ్యో అంటారు. నన్ను నమ్మి పోగొట్టుకున్నాడని మా మామగారు వంద ఇళ్ళలో చెబుతారు. బొంగరం సరే, ఫోటో సరే, ఇప్పుడు మంచితనం కూడా అతనికేనా? ఆ ఒక్కటీ నేను వదులుకోదలచలేదు. నన్ను ఆ గదికి నడిపించింది న్యాయం అని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది. కానీ అది ఓర్వలేనితనమే. ఇంతకాలం అతనికి ఎదురు నడిచింది, ఆ సోమవారం మాత్రం అతనికి మేలు చేసే దారి పట్టింది.

సోమవారం పొద్దున్నే షెడ్డులో బూట్లు విప్పాను. బెల్టు తీశాను, తాళాలగుత్తి తీశాను, గడియారం తీశాను. లుంగీ ఒకటి చుట్టుకుని, చేతిలో ఒక చెక్కడబ్బా పట్టుకుని, వట్టికాళ్ళతో పసుపు గీత దాటాను. ఆ గది నేల ఎంత చల్లగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నిదానం తలెత్తి, కళ్ళు చిట్లించి చూశాడు. "ఎవరు?"

"నేనే తమ్ముడూ."

"అన్నయ్యా! మీరేంటి ఇలా? ఒంట్లో బాగా లేదా?"

"ఆరో నంబరు బిళ్ళ ఇలా ఇవ్వు."

కడ్డీని బిళ్ళలుగా కోశాక చివర మిగిలే మొండి ముక్కల్ని అందరూ చెత్తలో పారేస్తారు. నేను నంబరు వేసి డబ్బాలో దాస్తాను. అదీ నా పద్ధతే. మొండి ముక్క ఎప్పుడూ కొండ బయటి వైపుది. బిళ్ళ సరిగ్గా ఉంటే, బాణం మొన లేని వైపు ఆ ముక్క అతకాలి. రాతిలోని తెల్ల చారలు ఒకదాన్నొకటి కలుసుకోవాలి. అక్కడ పెట్టాను. చార కలవలేదు. బిళ్ళని తిప్పి, బాణం మొన వైపు పెట్టాను. చార గీత గీసినట్టు కలిసింది.

నిదానం వంగి ఆ చార చూశాడు. పెట్టెలోంచి ఏడో నంబరు తీసి చేతికిచ్చాడు. తర్వాత ఎనిమిది. తొమ్మిది. పది. ఐదూ మొన వైపే అతికాయి.

"తిరగేసి వేశాను" అన్నాను. "పెద్దసారు గదిలో నంబర్లు వినగానే తెలుసు."

అతను ఆ ఐదింటినీ ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు. ఇహ ఎప్పటిలాగే నవ్వి, పోనివ్వండి అన్నయ్యా అంటాడనుకున్నాను. ఆ మాటకి ఒప్పుకోకుండా, కాదు నాదే తప్పని గట్టిగా చెప్పి, పెద్దమనిషిగా బయటికి నడవాలని దారిలోనే అనుకుని వచ్చాను.

"మూడు వారాలు" అన్నాడు. "మూడు వారాలు నన్ను చూస్తూ ఉన్నావు! నా బొత్తాలు కత్తిరించుకుంటుంటే ఆ గీత అవతల నిలబడి టీ తాగావు! ఆ ఐదింటికీ సూది గీత లేదని నేను మొదటి రోజే చూశాను. చూసి కూడా, అన్నయ్యకి తొందరేమోలే అనుకున్నాను. నిన్ను అడగడం తప్పనుకున్నాను!"

తొమ్మిదేళ్ళలో అతను నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

రిజిస్టరు తెరిచి నా ముందుకి తోశాడు. "రాయి. ఒక్కొక్క నంబరుకీ విడివిడిగా."

రాశాను. ఆరో నంబరు, బాణం తిరగేసి వేయబడినది, వేసినవాడు కోత పనివాడు. ఐదుసార్లు, ఐదు సంతకాలు. రెండు ఉత్తమ పత్రాలున్న చెయ్యి అది. అరచేతిలో నీళ్ళు పోసి ఉంటే ఒక్క చుక్క మిగిలేది కాదు.

ఆ తర్వాత జరిగింది సంచికలో వేరేవాళ్ళు బాగానే రాస్తారు. బాణాలు సరిచేసి కొలిస్తే పన్నెండూ దక్షిణానికే తిరిగాయి. ఆ పొర చల్లారిన కాలంలో భూమి దిక్కులు తారుమారై ఉన్నాయని మేడం వ్యాసం రాసింది. చివర నిదానానికి ధన్యవాదాలు చెప్పింది. అతని పదిహేడు అచ్చుల్లో అది మొదటిది. పెద్దసారు పైకి రాశారు, నాలుగు నెలల్లో పక్కా అయ్యాడు, నాకంటే ఒక మెట్టు పైన. నాకు మందలింపు కాగితం ఒకటి వచ్చింది. దానికి అద్దం కట్టించలేదు. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున టీ ఇస్తూ, "వెళ్ళి చెప్పారుగా, అది చాలు" అంది. ఆ మాట ఆవిడ అతని గురించి అన్న మాటలకి సాటి రాదు. అయినా తీసుకున్నాను.

నెల తిరక్కుండానే అతని నోట మళ్ళీ "మీరు" వచ్చింది. పండక్కీ పబ్బానికీ పక్కపక్కనే కూర్చుని భోజనం చేశాం. అతని బిడ్డ పెళ్ళి పనులన్నీ నేనే దగ్గరుండి చూశాను. అతను కోపం పెట్టుకునే మనిషి కాదు. అదీ నాకు కంటగింపే.

కానీ సరిచేసిన తర్వాత మొదటి కొత్త ట్రే పంపిన రోజు, అతను గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మొండి ముక్కల డబ్బా కూడా పంపండి అన్నయ్యా."

"అన్నిటికీ సూదితో గీశాను తమ్ముడూ. చూడు, లోతుగా గీశాను."

"చూశాను. డబ్బా పంపండి."

బొంగరం మీద పెట్టే ముందు ప్రతి బిళ్ళనీ దాని మొండి ముక్కతో అతికించి, చార కలిసిందో లేదో చూసుకునేవాడు. నేను షెడ్డులోంచి చూసేవాణ్ణి. ఆ తర్వాత పద్నాలుగేళ్ళలో పదిహేడు వేల బిళ్ళలు కోశాను, ఒక్క బాణమూ తప్పలేదు. ఇది రాయమని ఎవరూ అడగలేదు, నేనే రాస్తున్నాను. పదిహేడు వేలూ అతను అతికించి చూశాడు. ఒక్కసారి ఉండబట్టలేక, "ఎలా ఉన్నాయి తమ్ముడూ?" అని అడిగాను. అతను పనిలోంచి తలెత్తకుండా, "ఇంకా చూస్తున్నాను అన్నయ్యా" అన్నాడు.

నేను రిటైరయ్యే రోజు కూడా, ఆఖరి ట్రేతో పాటు డబ్బా తీసుకెళ్ళి గీత అవతల పెట్టి వచ్చాను.